రెండొందల మంది కోసమా అని అడిగితే

మా చిన్నాన్న పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడి చాలా కాలమైంది. జంగ్లీఘాట్‌లో ఇల్లు, పక్కనే చిన్న హార్డ్‌వేర్ షాపు. ఊరి పేరు శ్రీ విజయపురం అని మారినా ఆయన నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. మొన్న సంక్రాంతికి టెక్కలి వచ్చినప్పుడు భోజనాల దగ్గర గ్రేట్ నికోబార్ దీవిలో రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కట్టే ప్రాజెక్టు మాట వచ్చింది. సిమెంటు, ఇనుము ఎంత కదులుతుందో, మనవాళ్ళకు ఎన్ని పనులు దొరుకుతాయో ఉత్సాహంగా చెబుతున్నాడు. మధ్యలో నేను ఆ దీవి అడవిలో బతికే షోంపెన్ తెగ సంగతి ఎత్తాను. "ఏటమ్మా, రెండొందల మంది కోసం డెబ్బై రెండు వేల కోట్ల పని ఆపేయమంటావేటి?" అన్నాడు.

వెటకారంగా అనలేదు. ఆయన మనసులో ఉన్న ప్రశ్నే అది. చాలామంది మనసులో ఉన్నది కూడా అదే. విస్తరి ముందు కూర్చుని రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 'మనుషుల్ని కాపాడతాం, అడవిలో కొంత భాగం మాత్రం మాకు కావాలి' అనే మాట అండమాన్ చరిత్రలో ఒక్కసారి కూడా నిలబడలేదు. షోంపెన్ల విషయంలో నిలబడుతుందని నమ్మడానికి నాకు ఆధారం కనిపించడం లేదు.

చేరదీసిన వాళ్ళకు ఏమైంది

1858లో బ్రిటిష్‌వాళ్ళు ఖైదీల కాలనీ పెట్టేనాటికి అక్కడి ఆదివాసులైన గ్రేట్ అండమానీయులు వేలల్లో ఉండేవారు. మరుసటి ఏడాది మే నెలలో అబర్డీన్ దగ్గర విల్లంబులతో తిరగబడ్డారు. కాలనీ నుంచి పారిపోయి వాళ్ళ మధ్యే బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందే వెళ్ళి కబురు చెప్పేశాడు, దాంతో దెబ్బతిన్నారు. ఆ తర్వాత దొరల పద్ధతి మారింది. 'అండమాన్ హోమ్' అని పెట్టి, తిండీ బట్టా మందులూ ఇస్తామని చేరదీశారు. ఆ హోముల్లో పుట్టిన 150 మంది పిల్లల్లో ఒక్కరూ రెండేళ్ళు దాటి బతకలేదు. సిఫిలిస్ పాకింది. 1877లో తట్టు వచ్చింది. 1901 జనగణన నాటికి మిగిలింది 625 మంది. 1960ల నాటికి పందొమ్మిది మంది. 2010 జనవరిలో బోవా అనే పెద్దావిడ చనిపోవడంతో 'బో' భాష మాట్లాడే మనిషే లేకుండా పోయింది. 2011 లెక్కల్లో 44 మంది ఉన్నారు, స్ట్రెయిట్ ఐలాండ్ అనే చిన్న దీవిలో ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలో. 2020 ఆగస్టులో వాళ్ళలో కూడా కోవిడ్ కేసులు బయటపడ్డాయి.

హోములు నడిపిన వాళ్ళలో చెడ్డవాళ్ళు ఉన్నట్టే నిజంగా మంచి చేద్దామనుకున్న వాళ్ళూ ఉండి ఉంటారు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ రెండో రకమే. వాళ్ళ చేతుల్లో మందు ఉంది, అన్నం ఉంది, సదుద్దేశం ఉంది. అయినా పిల్లలు పోయారు.

లిటిల్ అండమాన్ దీవిలోని ఒంగీ తెగది ఇంకాస్త దగ్గరి కథ. 1901లో 672 మంది, ఇప్పుడు వంద పైచిలుకు. మధ్యలో ఆ దీవికి వలస కుటుంబాలను తెచ్చారు, కలప కొట్టారు, పామాయిల్ తోటలు వేశారు. వేటకు తిరిగే అడవి కుంచించుకుపోయి రేషన్ బియ్యం మీద ఆధారపడాల్సి వచ్చింది. 2008 డిసెంబరులో డుగాంగ్ క్రీక్ ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక ప్లాస్టిక్ డబ్బాలోని ద్రవాన్ని సారా అనుకుని తాగి ఎనిమిది మంది చనిపోయారు. వంద మంది ఉన్న జాతిలో ఎనిమిది మంది ఒక్క డబ్బాతో పోవడమంటే ఏమిటో ఆలోచించండి.

ఇందులో జబ్బు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. తట్టు లాంటి జబ్బు ఒకచోట ఎప్పటికీ నిలిచి ఉండాలంటే అక్కడ లక్షల్లో జనం ఉండాలి. వంద, రెండు వందల మంది గుంపుల్లో అది బతకలేదు, కాబట్టి ఆ గుంపుల్లోని పిల్లలు దాన్ని ఎదుర్కొని పెరగరు. ఎప్పుడో బయటి నుంచి ఒకసారి వస్తే ముసలీ ముతకా, పడుచువాళ్ళూ అంతా ఒకే వారంలో మంచాన పడతారు. మన ఇళ్ళలో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు లేచి గంజి కాస్తారు. అక్కడ నీళ్ళు తెచ్చే మనిషి, వేటకు వెళ్ళే మనిషి, పసిపిల్లకు పాలిచ్చే తల్లి, అందరూ ఒకేసారి లేవలేని స్థితిలో ఉంటారు. జబ్బు చంపినవాళ్ళు కొందరైతే, ఆకలీ దాహం చంపినవాళ్ళు మరికొందరు. పెరూలో నాహువా అనే అడవి తెగకు 1984లో కలప కొట్టేవాళ్ళతో సంబంధం ఏర్పడ్డాక కొన్నేళ్ళలోనే సగం మంది ఇలా పోయారు. ఇది పాతకాలం సంగతేమీ కాదు.

జిర్కాటాంగ్ గేటు దగ్గర

ఆ మధ్య చిన్నాన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బారాటాంగ్ గుహలు చూద్దామని బయల్దేరాం. దారి జరావా తెగ ఉండే అడవి గుండా పోతుంది. తెల్లవారుజామునే ఆ అడవి మొదట్లోని జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఫారంలో అందరి పేర్లూ రాయాలి. గేటు వేళకే తెరుస్తారు, బళ్ళన్నీ కాన్వాయ్‌లో వెళ్ళాలి, ముందూ వెనకా పోలీసులు. ఆగకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, ఫోటోలు తీయకూడదు, తినడానికేమీ ఇవ్వకూడదు. మా డ్రైవరు ఇచ్ఛాపురం కుర్రాడు. "ఫోన్లు బ్యాగుల్లో పెట్టేయండి, పట్టుకుంటే నా లైసెన్సు పోద్ది" అన్నాడు. వెనక సీట్లో ఒకాయన "కనిపిస్తారా తమ్ముడూ?" అని అడుగుతూనే ఉన్నాడు, అదేదో టికెట్టు కొన్న ఆట అయినట్టు.

ఒక మలుపులో కనిపించారు. ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు. వ్యాన్లో ఉన్నవాళ్ళంతా ఎడమ వైపుకు ఒరిగిపోయారు. ఒక పాప చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే వాళ్ళమ్మ గబుక్కున లాక్కుని చీర చెంగు కింద దాచింది. ఎవరూ ఫోటో తీయలేదు, ఎవరూ ఏమీ విసరలేదు, బండి ఆగలేదు. అక్కడున్న జరావా పిల్లాడు తల తిప్పి మా వైపు చూడను కూడా లేదు. రోజూ వందల బళ్ళు పోయేచోట ఎందుకు చూస్తాడు?

నాకు ఆ రోజు నుంచి మనసులో మెదులుతున్నది ఇదే. నిబంధనలన్నీ పాటించాం. అయినా మేమంతా చేసింది మనుషుల్ని చూడ్డానికి అడవిలోకి వెళ్ళడమే. 2012లో జరావా ఆడవాళ్ళను తిండి ఆశ చూపి నాట్యం చేయించిన వీడియో బయటికొచ్చినప్పుడు దేశమంతా సిగ్గుపడింది. శిక్షలు పెంచారు. కానీ ఆ వీడియోకు పదేళ్ళ ముందే, 2002 మేలో, ఈ అండమాన్ ట్రంక్ రోడ్డును జరావా రిజర్వులో మూసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు ఇప్పటికీ నడుస్తోంది. అది అండమాన్ జనానికి అవసరమైన దారి అని నాకూ తెలుసు. ఉత్తరాన ఉన్న మాయాబందర్, డిగ్లీపూర్ వాళ్ళకు ఆసుపత్రికి రావాలన్నా, సరుకు తేవాలన్నా అదే ఆధారం. కాబట్టి అంబులెన్సునూ ఊరి బస్సునూ నేను తప్పుపట్టను. గుహలు చూసే బళ్ళ సంగతి వేరు. వాటిని పూర్తిగా సముద్రం మీద పడవల్లో పంపితే ఎవరి బతుకూ ఆగదు.

నన్ను ఇరుకున పెట్టే లెక్క

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే విషయం ఒకటుంది. దాన్ని దాటేసి పోకూడదు.

జరావాలు 1997 దాకా బయటివాళ్ళ మీద బాణాలు వేసేవారు. అంతకు ఏడాది ముందు ఎన్మెయ్ అనే కుర్రాడు కాలు విరిగి దొరికితే పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచి నయం చేసి పంపించారు. ఆ తర్వాతే వాళ్ళు పగటిపూట, చేతిలో ఆయుధం లేకుండా బయటకు రావడం మొదలుపెట్టారు. 1999లో తట్టు వచ్చింది, 2006లో మళ్ళీ వచ్చింది. రెండుసార్లూ వైద్యం అందింది. 2001లో 240 అని లెక్కగట్టిన జనాభా 2011కి 380కి పెరిగింది. అంటే బయటి సంబంధం వచ్చాక తగ్గాల్సింది పోయి పెరిగారు. చిన్నాన్న లాంటివాళ్ళు దీన్నే చూపిస్తారు. మందులిస్తే బతుకుతున్నారు కదా, ఇంకా దూరంగా ఉంచడమెందుకు అంటారు.

ఈ ప్రశ్న నన్ను చాలాసార్లు ఆపింది. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని జరావా తల్లి రోడ్డు మీదకొస్తే 'మీ సంస్కృతి పాడవుతుంది, లోపలికి వెళ్ళు' అనే హక్కు ఎవరికీ లేదు. నేనూ అనను. ఆసుపత్రి తలుపు తెరిచే ఉండాలి.

అయితే ఆ 380 వెనక ఉన్న ఇంకో సంఖ్యను కూడా చూడాలి. జరావా రిజర్వు 1,028 చదరపు కిలోమీటర్లు. ఆసుపత్రి నుంచి వెనక్కి వెళ్తే వాళ్ళకు పంది దొరికే అడవి ఉంది, తేనె పట్టే చెట్లున్నాయి, చేపలు పట్టే పశ్చిమ తీరం ఉంది. గ్రేట్ అండమానీయులకు మందులు అందాయి, వెనక్కి వెళ్ళే చోటు లేకుండా పోయింది. ఒంగీలకు కొంత మిగిలింది, వాళ్ళూ కొంతే మిగిలారు. ఎన్మెయ్ కాలు బాగయ్యాక ఇంటికి వెళ్ళాడు. ఇల్లు ఉంది కాబట్టి వెళ్ళాడు. వైద్యం మేలు చేయాలంటే ముందు ఆ అడవి ఉండాలి. జరావాలు వందేళ్ళకు పైగా బాణాలతో కాపాడుకున్నది దాన్నే.

సెంటినెల్ దగ్గర మనం చేసిన మంచి పని

ఉత్తర సెంటినెల్ దీవి గురించి రాసేవాళ్ళు తరచుగా ఆ దీవి మనుషుల కోపం గురించే రాస్తారు. ఆ కోపానికి కారణం ఉంది. 1880లో మారిస్ పోర్ట్‌మన్ అనే అధికారి బలగంతో దిగి ఒక ముసలి దంపతులనూ నలుగురు పిల్లలనూ పోర్ట్ బ్లెయిర్‌కు పట్టుకుపోయాడు. ముసలివాళ్ళిద్దరూ జబ్బుపడి చనిపోయారు. పిల్లల్ని కానుకలిచ్చి తిరిగి దీవిలో దించారు. ఆ పిల్లలు ఒంట్లో ఏ జబ్బు మోసుకెళ్ళారో ఎవరూ రాసిపెట్టలేదు.

1967 నుంచి ప్రభుత్వ బృందాలు కొబ్బరికాయలతో వెళ్ళేవి. 1991 జనవరిలో మధుమాల ఛటోపాధ్యాయ ఉన్న బృందం చేతుల్లోంచి వాళ్ళు కొబ్బరికాయలు అందుకున్నారు. పాతికేళ్ళ ప్రయత్నం ఫలించింది అనుకునే సమయం అది. అప్పుడు ప్రభుత్వం చేసింది నాకు చాలా గౌరవం కలిగించే పని: ఆ యాత్రల్ని కొన్నేళ్ళలోనే ఆపేసింది. మొదటి నుంచీ వాటిలో ఉన్న మానవశాస్త్రవేత్త టి. ఎన్. పండిట్ కూడా తర్వాత వాళ్ళను వాళ్ళ మానాన వదిలేయాలనే చెప్పారు. దగ్గరకు వచ్చిన వాళ్ళను చూసి వెనక్కి తగ్గడం అంత తేలికైన పని కాదు.

వదిలేయడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకుంటారు కొందరు. దీవి చుట్టూ అయిదు కిలోమీటర్ల సముద్రం మీద నిఘా పెట్టాలి. చేపల కోసం, పీతల కోసం వచ్చే పడవల్ని తరమాలి. 2018 ఆగస్టులో పర్యాటకం పేరుతో 29 దీవులకు విదేశీయులు తీసుకోవాల్సిన ప్రత్యేక అనుమతి నిబంధన తీసేసినప్పుడు ఆ జాబితాలో ఉత్తర సెంటినెల్ కూడా ఉంది. వేరే చట్టం అడ్డం ఉన్నా, ఆ జాబితా రాసినవాళ్ళు ఏం ఆలోచించారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మూడు నెలలకే అమెరికన్ మతప్రచారకుడు జాన్ చావ్ అక్కడికి వెళ్ళి చనిపోయాడు. ఆయన శవం కోసం దీవిలోకి దిగకూడదని నిర్ణయించడం కూడా సరైనదే. 2025 మార్చిలో ఇంకో అమెరికన్ వెళ్ళి ఒడ్డున ఒక కోక్ డబ్బా, ఒక కొబ్బరికాయ పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. వాటితోపాటు అతని ఒంటి మీది సూక్ష్మజీవులు ఏవి దిగాయో చెప్పగలిగే వాళ్ళెవరూ లేరు.

ఇదంతా చేస్తున్నది మన దేశమే, మన డబ్బుతోనే. ఎవరూ ఆ దీవి మీద లాభనష్టాల లెక్క వేయలేదు. మరి గ్రేట్ నికోబార్‌కు వచ్చేసరికి లెక్క ఎందుకు మారింది?

గలాథియా ఒడ్డు

గ్రేట్ నికోబార్ 910 చదరపు కిలోమీటర్ల దీవి. అందులో 751 గిరిజన రిజర్వు. షోంపెన్లు 2011 లెక్కల్లో 229 మంది. వాళ్ళలో కొందరు తీరంలో ఉండే నికోబారీ తెగతో వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటారు, లోపలి గుంపులు బయటి మనిషి కంటపడరు. పందుల్ని వేటాడతారు, చిన్న చిన్న తోటలు వేసుకుంటారు. మనం మొగలిపువ్వును జడలో పెట్టుకుంటాం, ఆ మొగలి జాతికే చెందిన ఒక చెట్టు పండు వాళ్ళకు ముఖ్యమైన ఆహారం. అలాంటి చెట్ల తోపులు నదుల వెంబడి ఉంటాయి. అలాంటి నదుల్లో ఒకటైన గలాథియా సముద్రంలో కలిసేచోటే కంటైనర్ల రేవు కట్టబోతున్నారు. దానికోసం అక్కడి వన్యప్రాణి అభయారణ్యాన్ని 2021 జనవరిలో జాబితాలోంచి తీసేశారు. పెద్ద సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డు అది.

రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్. మొత్తం 166 చదరపు కిలోమీటర్లు. అందులో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. దానికి బదులు మొక్కలు నాటేది హర్యానాలో. రిజర్వులోంచి 84 చదరపు కిలోమీటర్లు తీసేసి, బదులుగా వేరేచోట కొంత కలుపుతామంటున్నారు. ఎనిమిది వేల మంది ఉన్న దీవిలో రానున్న ముప్పై ఏళ్ళలో మూడున్నర లక్షల మంది ఉంటారన్నది ప్రాజెక్టు అంచనా. పైన తట్టు గురించి రాసింది ఒకసారి గుర్తు చేసుకోండి. అది నిలిచి ఉండడానికి కావలసినంత జనాన్ని మనమే తీసుకెళ్ళి షోంపెన్ల పక్కన పెడుతున్నాం. 2024 ఫిబ్రవరిలో పలు దేశాలకు చెందిన 39 మంది జాతిహనన అధ్యయన నిపుణులు రాష్ట్రపతికి రాసిన లేఖలో షోంపెన్లకు ఇది మరణశిక్షే అన్నారు. నాకది అతిశయోక్తిగా అనిపించలేదు.

షోంపెన్లను ఎవరినీ కదిలించం అని ప్రభుత్వం చెబుతోంది. ఆ మాట విన్నప్పుడు నాకు పోలవరం ముంపులోని కొండరెడ్లు గుర్తొస్తారు. పునరావాస కాలనీలో ఇల్లు వస్తుంది. జీలుగు చెట్టు రాదు, పోడు కొండ రాదు. అక్కడ మనుషుల్ని కదిలించి అడవిని దూరం చేశారు, ఇక్కడ మనుషుల్ని ఉంచి అడవిని కదిలిస్తున్నారు. నికోబారీలదీ ఇలాంటి అనుభవమే. 2004 సునామీలో ఊళ్ళు కొట్టుకుపోయాక వాళ్ళను అదే దీవిలోని కాంప్‌బెల్ బే ఊరి దగ్గర తాత్కాలికంగా అని పెట్టారు. పాత ఊళ్ళకు తిరిగి వెళ్ళనివ్వమని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ఆ నేలలో కొంత ఇప్పుడు ప్రాజెక్టు మ్యాపులో ఉంది. సంగతి అర్థమయ్యాక వాళ్ళ గిరిజన మండలి 2022 నవంబరులో తన అనుమతిని వెనక్కి తీసుకుంది. అదే నెలలో పర్యావరణ అనుమతి వచ్చేసింది. అదే సునామీ నాడు ఈ దీవి దక్షిణ కొస నాలుగు మీటర్ల దాకా కుంగిపోయింది. మూడున్నర లక్షల మందికి ఇళ్ళు కట్టే ముందు ఆ ఒక్క విషయమైనా ఆలోచించాలి.

దేశరక్షణ మాట వస్తుంది, రావాలి కూడా. మలక్కా జలసంధి ముంగిట ఉన్న దీవి అది. కాంప్‌బెల్ బేలో నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ బాజ్ 2012 నుంచే ఉంది, దాన్ని ఎత్తేయమని నేను అనడం లేదు. దానికి ఇంకో రన్‌వే కావాలంటే మాట్లాడుకోవచ్చు. పర్యాటక హోటళ్ళతో నిండిన టౌన్‌షిప్‌ను కూడా అదే ఖాతాలో రాయడమే నాకు నచ్చడం లేదు.

రెండొందల మంది కోసమా అన్న ప్రశ్నకు బ్రెజిల్ ఎప్పుడో జవాబిచ్చింది. రొండోనియా రాష్ట్రంలో తన వాళ్ళందరూ హతమయ్యాక ఒక్కడే మిగిలిన ఆదివాసి ఉండేవాడు. పేరు ఎవరికీ తెలియదు. గుడిసెల్లో గోతులు తవ్వేవాడని 'గోతి మనిషి' అన్నారు. చుట్టూ పశువుల పెంపకందార్లు ఆ భూమి కోసం కాచుకుని ఉన్నా, అక్కడి ప్రభుత్వ సంస్థ ఆ ఒక్క మనిషి కోసం 8,000 హెక్టార్ల అడవిని కంచె వేసినట్టు కాపాడింది. దగ్గరికొస్తే బాణం వేశాడు, అది అతని నిర్ణయమని ఒప్పుకుని దూరం నుంచే చూసుకున్నారు. 2022 ఆగస్టులో ఊయలలో చనిపోయి కనిపించాడు. తన అడవిలో, తన ఊయలలో. ఒక్క మనిషికి అంత ఇవ్వగలిగినప్పుడు 229 మందికి 84 చదరపు కిలోమీటర్లు వదలలేమా?

'వాళ్ళకు చదువు, కరెంటు వద్దా?' అని చిన్నాన్న ఇంకో మాట అన్నాడు. కావాలంటే తీసుకుంటారు. జరావాలు తమంతట తాము వచ్చారు, ఎవరూ ఆపలేదు. షోంపెన్లు కూడా రేపు రావచ్చు. వాళ్ళు వచ్చేదాకా ఆగే ఓపిక మనకుండాలి, వద్దనుకుంటే వెనక్కి వెళ్ళడానికి అడవి ఉండాలి. బుల్డోజరు వచ్చాక అడిగితే దాన్ని అడగడం అనరు.

అండమాన్ దీవుల్లో వంద మందికి పదమూడు మంది తెలుగువాళ్ళే. విశాఖలో ఓడెక్కి పొట్ట చేతబట్టుకుని వెళ్ళినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మనవలు. రేపు గలాథియాలో తట్టలు మోసేది, రాడ్లు కట్టేది కూడా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలే అయ్యే అవకాశం ఎక్కువ. వాళ్ళను తప్పుపట్టేది ఏమీ లేదు. కాబట్టి నేను అడిగేది మన ఎంపీలను, ముఖ్యంగా ఉత్తరాంధ్ర ఎంపీలను. రిజర్వు నుంచి ఒక్క ఎకరం కూడా తీయవద్దని గట్టిగా చెప్పండి. అంత దాకా రాలేకపోతే కనీసం ఇదైనా పార్లమెంటులో అడగండి: కాంప్‌బెల్ బేలో దిగే ప్రతి కూలీకీ తట్టు, ఫ్లూ టీకాలు వేసి, జ్వరం లేదని చూసి పంపే బాధ్యత టెండరులో ఎవరి పేరున రాశారు? షోంపెన్ల గుంపులో జ్వరం కనిపిస్తే పని ఆపించే అధికారం ఏ అధికారికి ఇచ్చారు? ఆ రెండు జవాబులూ రాతపూర్వకంగా ఇమ్మనండి.